కొండ మీది ఆసుపత్రి

1945లో మాంట్రియల్ నగరం మీద రెండు నవలలు వచ్చాయి. హ్యూ మెక్లెనన్ ఇంగ్లీషులో ‘టూ సాలిట్యూడ్స్’ రాశాడు. గాబ్రియెల్ రువా ఫ్రెంచిలో ‘బోనర్ దొకాజ్యోఁ’ రాసింది. ఫ్రెంచివాళ్లకూ ఇంగ్లీషువాళ్లకూ మధ్య ఎడమే మొదటిదానికి కథావస్తువు. రెండోది పేదల కథ. అయినా ఆ ఎడం నా గుండెకు తగిలింది రెండోదాంట్లోనే. జబ్బుపడ్డ పసివాడు దానియెల్‌ను కొండ మీది ఆసుపత్రిలో చేరుస్తారు. వాడికి నర్సు జెన్నీ అంటే ప్రాణం. ఆమెది ఇంగ్లీషు. తల్లికి ఆ భాష సరిగా రాదు. కన్నకొడుకు మంచం పక్కనే తల్లి పరాయిదైపోతుంది. ఎవరూ ఎవరినీ పల్లెత్తు మాటనరు.

భాషల తగువును నవలలో చూపడమంటే ఇదీ అనిపిస్తుంది నాకు.

హైదరాబాదు పక్కన శంషాబాదులో కూర్చుని ఇది చదివితే మన సంగతి గుర్తు రాకుండా ఉండదు. నిజాం కాలంలో కచేరీ ఉర్దూ, 1918లో వెలసిన ఉస్మానియాలో చదువూ ఉర్దూ. మా పల్లెల నోట తెలుగు. 1921లో హైదరాబాదు సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఆపేశారు. తెలుగువాళ్ల ఆంధ్ర జనసంఘం పుట్టింది ఆ అవమానంలోంచే.

ఆ కాలపు పల్లెను, దొరతనాన్ని దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’లో చూపించాడు. హవేలీ లోపలి మనుషులను జీలానీ బానో ఉర్దూలో ‘ఐవానె గజల్’లో చూపించింది. రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదవడం నా అలవాటు. దొర గడీ ముందు వెట్టివాడు ఎలా వంగాడో ఆయన చెబితే, జనానాలో ఆడపిల్ల బతుకు ఎలా కమిలిపోయిందో ఆమె చెబుతుంది. ఒక్కటే చదివితే సగం హైదరాబాదే తెలుస్తుంది. పగలు ఉర్దూలో దస్త్రం రాసి, రాత్రి తెలుగులో బిడ్డకు కథ చెప్పిన గుమాస్తాను మాత్రం ఇంకా ఎవరైనా నిండుగా రాయాలి.

2008లో ఇక్కడ విమానాశ్రయం వచ్చింది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయే మనుషులు ఇక్కడే విమానమెక్కుతారు. చేతిలో అరబ్బీ, ఇంగ్లీషు కాగితాలు. కౌంటరులో ఇంగ్లీషు, హిందీ. తన పేరున్న కాగితాన్నే చదవలేక ఒకాయన వెనకనున్న మనిషి వైపు తిరిగి, ‘అన్నా, ఇండ్ల ఏం రాసిందో జర చూడు’ అంటాడు. రువా చూసిన తల్లికి ఈయన దగ్గరి చుట్టం. తెలుగు నవల ఈ వరుసలో వచ్చి నిలబడాలని నా కోరిక.