ఖడ్గతిక్కన మరణం: చాటువులు చెప్పినది, కాటమరాజు కథ చెప్పినది

తిక్కన అనగానే విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాల భారతాన్ని తెనిగించిన కవి మనకు గుర్తుకు వస్తాడు. ఆ కవికి అదే పేరుగల అన్నదమ్ముడు ఒకడున్నాడు. చదువుకున్నవారు అతనిని ఖడ్గతిక్కన అనీ, రణతిక్కన అనీ పిలిచారు. పాఠ్యపుస్తకాలలో అతనికి దక్కే చోటు సాధారణంగా ఒక వాక్యం, రెండు చాటుపద్యాలు. యుద్ధంలో ప్రాణం విడిచిన ఒక సేనాని స్మృతి మన సాహిత్యంలో ఏ రూపంలో నిలిచిందో, ఆ రూపం అతనికి న్యాయం చేసిందో లేదో ఇక్కడ పరిశీలించదలచాము.

కొట్టరువు వంశంలో మంత్రి భాస్కరునికి నలుగురు కొడుకులు: కేతన, మల్లన, సిద్ధన, కొమ్మన. కొమ్మన కుమారుడు కవి తిక్కన. సిద్ధన కుమారుడు ఖడ్గతిక్కన. అంటే కవికి ఇతడు పెదతండ్రి కొడుకు. ఇద్దరూ 13వ శతాబ్దిలో నెల్లూరిని ఏలిన తెలుగుచోడ ప్రభువు మనుమసిద్ధి కొలువులోని వారే. ఒకడు ఆ ప్రభువుకు నిర్వచనోత్తర రామాయణాన్ని అంకితం చేశాడు. మరొకడు ఆ ప్రభువు పంపిన యుద్ధంలో ప్రాణం ఇచ్చాడు.

ఆ యుద్ధం ఎందుకు వచ్చింది? చాటుపద్యాలు ఈ ప్రశ్న జోలికి పోవు. జవాబు కావాలంటే గొల్లల వీరగాథ అయిన కాటమరాజు కథ దగ్గరికి వెళ్ళాలి. కథ ప్రకారం కాటమరాజు గొప్ప ఆలమందలకు ఏలిక. కరవు వచ్చి తన సీమలో గడ్డి లేకపోతే మందలను నెల్లూరి బీళ్ళకు తోలుకు వచ్చాడు. మేతకు బదులుగా పుల్లరి చెల్లించే ఒప్పందం జరిగింది. పుట్టిన కోడెదూడలను రాజుకు ఇవ్వాలన్నది అందులో షరతు. తరువాత నెల్లూరి వారి చేతుల్లో కొన్ని ఆవులు చచ్చాయి. తన నేలమీద మేస్తున్న పసులను కాపాడలేని రాజుకు పుల్లరి ఎందుకియ్యాలని కాటమరాజు ఎదురు తిరిగాడు. పుల్లరి రాకపోతే రాజరికం ఏముందని కథలో నల్లసిద్ధిగా కనిపించే రాజు పట్టుబట్టాడు. మాట తెగింది, ఎర్రగడ్డపాటి పోట్లాట జరిగింది.

ఇక్కడ ఎవరు ధర్మపక్షమో చెప్పడం సులభం కాదు. పచ్చిక ఒకరిది, పసులు మరొకరివి. ఒప్పందంలో ఇచ్చేదీ పుచ్చుకునేదీ రెండూ ఉన్నాయి. ఈ తగవును కత్తితో తీర్చమని రాజు పంపినవాడు ఖడ్గతిక్కన. అతని సైన్యం దెబ్బతిన్నది. అతడు ఇల్లు చేరాడు.

చాటువులు ఇక్కడ మొదలవుతాయి. స్నానానికి నీళ్ళు పెట్టమంటే భార్య చానమ్మ ఆడవారికి కట్టినట్టు మరుగు కట్టి, నీళ్ళ బిందె పక్కన పసుపుముద్ద పెట్టిందట. ఇదేమిటని అడిగితే, వెన్నిచ్చి వచ్చినవానికి ఇదే తగినదనీ, ఇప్పుడు ఈ ఇంట ఆడవాళ్ళం ముగ్గురమయ్యామనీ అన్నదట. భోజనానికి కూర్చుంటే తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసింది. అడిగితే, యుద్ధంలో నీవు విరిగావు, ఇంట పాలూ విరిగాయని చెప్పింది. తిక్కన సిగ్గుపడి మళ్ళీ రణరంగానికి వెళ్ళి, పోరి, అక్కడే పడిపోయాడు. కందుకూరి వీరేశలింగం ఆంధ్రకవుల చరిత్రములో ఈ వృత్తాంతాన్ని పద్యాలతో సహా చేర్చడం వల్ల ఇది చదువుకున్నవారి ఇళ్ళలో స్థిరపడింది.

పద్యాలుగా ఇవి మంచి పద్యాలు. తల్లి మాటలోని చమత్కారమంతా ‘విరుగు’ అన్న ఒక్క క్రియలో ఉంది. తెలుగులో పాలు విరుగుతాయి, సేన కూడా విరుగుతుంది. తమిళంలో పాలు ‘తిరియు’ను, ఆ మాటతో సేన ఓటమిని చెప్పడం కుదరదు. కన్నడంలో పాలు ‘ఒడెయు’ను, అది కొంత దగ్గర. రెండు భాషల మధ్య పెరిగిన మన విద్యార్థులు ఈ పద్యాన్ని పక్క భాషలోకి మార్చి చూస్తే, అది ఎందుకు తెలుగులోనే పుట్టగలిగిందో మరొకరు చెప్పనక్కరలేకుండా తెలుస్తుంది. ఇంటి వస్తువులతోనే ఎత్తిపొడుపును నిర్మించడం, ఒక్క కేక లేకుండా మనిషిని చావుకు పంపగల మాట అనిపించడం సామాన్యమైన నేర్పు కాదు.

అయితే ఈ పద్యాలు ఏమి దాచాయో కూడా చూడాలి. మొదటిది, యుద్ధ కారణం. కరవు లేదు, గడ్డి లేదు, పుల్లరి లేదు. కాటమరాజు పసుల ప్రస్తావన వచ్చినా అది ఎత్తిపొడుపుకు సాధనంగానే వస్తుంది. రెండవది, యుద్ధానికి పంపిన ప్రభువు. ఓటమిలో అతని పాలు ఎంతో ఎవరూ అడగరు. లెక్క అప్పజెప్పవలసినవాడు సేనాని ఒక్కడే. అదీ కొలువులో కాదు, సొంత ఇంట్లో. మూడవది, తిరోగమనానికీ పిరికితనానికీ ఉన్న తేడా. సైన్యం చెదిరిన తరువాత బతికి ఇల్లు చేరిన సేనాని పిరికివాడేనా? చాటువుల లోకంలో ఈ ప్రశ్నకు తావు లేదు. అక్కడ గెలుపు ఉంది, చావు ఉంది, మూడవది పసుపుముద్ద.

ఈ సందర్భంలో అతని తమ్ముడి కావ్యాన్ని పక్కన పెట్టి చూడడం ఉపయోగకరం. తిక్కన తెనిగించిన విరాటపర్వంలోని ఉత్తరగోగ్రహణం కూడా పసుల కోసం జరిగిన యుద్ధమే. అక్కడా ఒకడు రణం నుండి పారిపోతాడు. అంతఃపుర స్త్రీల ముందు బీరాలు పలికిన ఉత్తరుడు కౌరవసేనను చూడగానే రథం దిగి పరుగెత్తుతాడు. అతనిని పట్టి తెచ్చినది ఆడవేషంలో ఉన్న బృహన్నల. బృహన్నల అతనికి పసుపుముద్ద చూపలేదు. ధైర్యం చెప్పి, పగ్గాలు చేతికిచ్చి, యుద్ధం తాను చేశాడు. గెలిచిన తరువాత ఆ గెలుపును ఉత్తరునిదిగా చెప్పించాలని చూశాడు. ఇది వ్యాసుని కథే. తిక్కన కల్పించినది కాదు. అన్నగారి మరణాన్ని తలచుకొని ఆ ఘట్టం వ్రాశాడని చెప్పడానికి మనకు ఏ ఆధారమూ లేదు. కాని ఒకే ఇంటి ఇద్దరు తిక్కనల చుట్టూ మన సాహిత్యం రెండు విరుద్ధమైన నీతులను నిలిపిందన్న మాట నిజం. ఒక చోట ఆడతనం ఓడినవానికి వేసే శిక్ష. మరొక చోట ఆడవేషంలోని వాడే జగజ్జెట్టి. ఒక చోట భయపడినవాడు చావాలి; మరొక చోట భయపడినవానికి రెండవ అవకాశం ఉంది.

తరగతిలో ఈ చాటువులు చెప్పినప్పుడు మగపిల్లలు నవ్వుతారు. ఒక విద్యార్థిని మాత్రం, మా ఇంట్లో అమ్మ రోజూ ముట్టే పసుపు ఇతనికి అవమానం ఎలా అయిందని అడిగింది. ఆ ప్రశ్న పద్యానికి బయటిది కాదు, పద్యం గుండెలోనిది. వీరపత్ని, వీరమాత అని మనం కొనియాడే ఈ ఇద్దరూ తమ జాతినే తక్కువ చేసుకొనే మాట పలుకుతున్నారు. ఆ మాట వారి నోట పెట్టినవాడు కవి. పల్నాటి వీరగాథలో మాంచాల కూడా భర్తను యుద్ధానికి పంపినదే. కాని బాలచంద్రుని యుద్ధం దేనికోసమో ఆ గాథ విన్నవారికి తెలుసు. చానమ్మ పద్యం మాత్రమే తెలిసినవారికి తిక్కన యుద్ధం దేనికోసమో తెలియదు.

కాటమరాజు కథ విలువ ఇక్కడ కనిపిస్తుంది. ఇది గెలిచినవారి వైపు కథ. గొల్లల కొలువుల్లో కొమ్మువారు వీరణం వాయించి, కొమ్ములూది పాడిన కథ. శత్రుసేనానిని హీనుడిగా చూపడానికి వారికి అన్ని అవకాశాలూ ఉన్నాయి. అయినా కథ తిక్కనను చిన్నబుచ్చదు. కాటమరాజుకు ఎదురు నిలువదగిన వీరునిగానే నిలుపుతుంది. అతని మరణం అక్కడ ఇంటి సిగ్గుతో ముగిసిన కథ కాదు; కరవు, గడ్డి, మాట తప్పడం అనే వరుసలో వచ్చిన ఒక నష్టం. చంపిన పక్షమే ఆ మరణానికి కారణాన్ని భద్రపరచింది. సొంత పక్షం అవమానాన్ని భద్రపరచింది. ఖడ్గతిక్కన స్మృతిలోని విషాదం ఇదేనని మా అభిప్రాయం.

ఈ గాథ మనకు అందడంలో ఆంధ్రదేశం వెలుపల పనిచేసిన ఒక ఆచార్యుని శ్రమ ఉంది. బెంగళూరు విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించిన తంగిరాల వెంకట సుబ్బారావు గారు పరిష్కరించిన కాటమరాజు కథలను అప్పటి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1970లలో సంపుటాలుగా వెలువరించింది. ఆరుద్ర ఈ ఇతివృత్తంతో నాటకం వ్రాశారు. అయినా తరగతి గదిలో నేటికీ ముందుగా వినిపించేది పసుపుముద్దే.

చాటువులను పాఠాల నుండి తీసివేయాలని మేము అనడం లేదు. అవి పోతే ‘విరుగు’ వంటి మాట ఎంత పని చేయగలదో చూపే ఉదాహరణ పోతుంది. చాటువులు చరిత్ర పత్రాలు కావన్న ఎరుకతో, వాటి పక్కన గొల్లల కథనూ, విరాటపర్వంలోని ఉత్తరుని ఘట్టాన్నీ కలిపి చదవాలని మాత్రమే మా కోరిక. అప్పుడు ఖడ్గతిక్కన భార్య మాటకు రోషపడి చచ్చిన మగవాడిగా మాత్రమే మిగలడు. ప్రభువు పుల్లరి కోసం, తాను పెట్టని తగవులో, ఓడిపోతానని తెలిసే రెండవసారి వెళ్ళిన ఉద్యోగిగా కనిపిస్తాడు. అటువంటివారు ప్రతి రాజ్యంలోనూ ఉంటారు. వారిని పొగడే పద్యం కంటే వారు ఎందుకు చనిపోయారో చెప్పే కథ వారికి ఎక్కువ గౌరవం.

కర్ణాటకలోనూ తమిళనాడులోనూ తెలుగు మాట్లాడే గొల్ల కుటుంబాలు ఉన్నాయి. మన విద్యార్థులలో ఆ ఇళ్ళ పిల్లలూ ఉండవచ్చు. కాటమరాజు పేరు, ఆవుల పేర్లు, తిక్కన పేరు పెద్దల నోట ఇంకా వినిపిస్తే వాటిని విన్నది విన్నట్టు, వారి పలుకుబడి మార్చకుండా వ్రాసి ఉంచండి. మీరు విన్న కథలో తిక్కన ఇంటికి తిరిగి వచ్చాడా లేదా అన్నది ముఖ్యంగా అడగండి.