గ్రంథపాతం ఆకులోనా, చిత్రంలోనా?: తాళపత్ర ఛాయాగ్రహణంలో ఫోకస్, చట్ర అమరికల విమర్శ

డిజిటల్ కెమెరా తెరపై కనిపించే ఫోకస్ గుర్తులను, చట్రాన్ని విభజించే గీతలను తటస్థమైన ఉపకరణాలుగా పరిగణించడం పరిపాటి. అయితే ఏది స్పష్టం, ఏది ముఖ్యం అనే ముందస్తు తీర్పు ఒకటి ప్రతి అమరికలోనూ ఇమిడి ఉంటుంది. తాళపత్రాలను చిత్రీకరించే సందర్భంలో ఆ తీర్పు పాఠనిర్ణయం వరకు ప్రసరిస్తుంది.

చేతితో ఫోకస్ చేసేటప్పుడు తోడ్పడే ‘ఫోకస్ పీకింగ్’ వెలుగునీడల భేదం ఎక్కువగా ఉన్న అంచులకు ఎరుపో, పసుపో రంగు అద్ది చూపుతుంది. అది గుర్తించేది కాంతిభేదాన్నే గాని అక్షరాన్ని కాదు. గంటంతో చెక్కి మసి పూసిన అక్షరాలు నల్లగా ఉంటాయి కనుక వాటిని సులువుగా పట్టుకుంటుంది. మసి పూయని ఆకులో, లేదా మసి వదిలిపోయిన ఆకులో అక్షరానికీ ఆకుకూ రంగు దాదాపు ఒకటే. అక్కడ ఆకు అంచు, సూత్రరంధ్రం, పురుగు తొలిచిన జాడ మాత్రమే రంగు తేలుతాయి. పీకింగ్ తీవ్రత పెంచితే ఆకు ఈనెలు కూడా వాటితో చేరతాయి. పైగా ఆకు వంగి ఉన్నప్పుడు అంచుల వద్ద కుదిరిన ఫోకస్ నడుమ కుదరకపోవచ్చు. ద, ధల భేదం ఒక చిన్న గీతపై ఆధారపడే లిపిలో ఇది అల్పవిషయం కాదు.

తెరపై చిత్రంలోని కొంత భాగాన్ని పెద్దదిగా చూపే మాగ్నిఫికేషన్ ఈ విషయంలో ఎక్కువ నమ్మదగినది. ఇక్కడ నిర్ణయం యంత్రానిది కాదు, లిపి తెలిసిన కంటిది. అయితే అక్షరం పెద్దదైన క్షణంలో ఆకు మొత్తం చూపు నుంచి తప్పుకుంటుంది. కనుక నడుమ, రెండు కొసల వద్ద ఫోకస్ చూసుకున్నాక చట్రాన్ని మళ్లీ సరిచూడక తప్పదు. ఏటవాలుగా పడే వెలుగు చెక్కిన గీతలో నీడ నింపి, మసి లేని అక్షరాన్ని కూడా పైకి తెస్తుంది.

చట్ర గీతలకు వేరే చరిత్ర ఉంది. చట్రాన్ని మూడేసి భాగాలు చేసే సూత్రానికి ఆ పేరు 1797లో ఆంగ్ల చిత్రకారుడు జాన్ థామస్ స్మిత్ గ్రామీణ దృశ్యచిత్రణపై రాసిన గ్రంథంలో కనిపిస్తుంది. దృశ్యసౌందర్యం కోసం పుట్టిన ఆ విభజనకు తాళపత్రం విషయంలో ప్రయోజనం ఒక్కటే: ఆకును చట్రానికి సమాంతరంగా నిలపడం. నిండుదనం కోసం చట్రాన్ని బిగిస్తే పత్రసంఖ్య ఉండే అంచే కోతకు గురవుతుంది.

పరిష్కర్త నేడు తరచుగా ఆకును కాక దాని చిత్రాన్నే చదువుతున్నాడు. చిత్రంలో అందని అక్షరాన్ని గ్రంథపాతంగా గుర్తిస్తే, కెమెరా లోపం ప్రతి లోపంగా పీఠికకెక్కుతుంది. వెలుగు దిశ, అపెర్చర్, ఫోకస్ చేసిన పద్ధతి ప్రతి వివరణలో భాగం కావలసింది అందుకే.