నీటిని కొలిచాకే నేల

సముద్రపు అడుగును పటంగా గీయడమంటే నీటి కింది కొండలనూ లోయలనూ కొలవడమేనన్న భావన సహజమే గాని, ఆ పనిలో ఆరితేరినవారి శ్రద్ధ ఎక్కువగా ఓడకూ నేలకూ మధ్యనున్న నీటి మీదే నిలుస్తుంది. ఓడ అడుగున అమర్చే మల్టీబీమ్ సోనార్ ఒక్కసారి ధ్వనిని పంపి, ఓడకు ఇరువైపులా విసనకర్రలా పరుచుకున్న వందలాది సన్నని కిరణాల దిశల్లో ప్రతిధ్వనులను అందుకుంటుంది. అది కొలిచేది కాలాన్నే. ఆ కాలంలో సగాన్ని నీటిలో ధ్వనివేగంతో, అంటే సెకనుకు సుమారు 1500 మీటర్లతో, గుణిస్తేనే నిట్టనిలువు కిరణానికి లోతు తేలుతుంది.

చిక్కంతా ఆ వేగంతోనే. వేడిమి, ఉప్పదనం, ఒత్తిడి మారినచోటల్లా అది మారుతుంది. గంగ, గోదావరి వంటి నదుల మంచినీరు వానకాలం తరువాత ఉప్పునీటిపై పలుచని పొరగా తేలే ఉత్తర బంగాళాఖాతంలో ఈ మార్పు కొద్ది మీటర్ల లోతులోనే కనిపిస్తుంది. నిట్టనిలువుగా దిగే కిరణానికి దీనివల్ల పెద్ద నష్టం లేకపోయినా, ఏటవాలుగా పోయే అంచు కిరణాలు ఆ పొరల మధ్య వంగిపోవడంతో, చదునైన నేల కూడా పటంలో రెండంచులా పైకి లేచినట్టో కిందికి ఒరిగినట్టో కనబడుతుంది.

అందుకే ఉప్పదనాన్నీ ఉష్ణోగ్రతనూ లోతునూ నమోదుచేసే సీటీడీ పరికరాన్ని తీగతో నీటిలోకి దించుతారు. నాలుగు వేల మీటర్ల లోతుకు దించి పైకి లాగడానికి రెండు గంటలకు పైగా పడుతుంది, అంతసేపూ ఓడ నిలిచే ఉండాలి. పొద్దున తీసిన కొలతతోనే సాయంత్రం దాకా నెట్టుకురావాలన్న తొందర పుట్టేది ఇక్కడే, పటం చెడేదీ ఇక్కడే. ఓడ కొలుస్తూ సాగిన వరుసలకు అడ్డంగా దాన్ని మరో వరుసలో నడిపి, కలిసే చోట్ల రెండు లోతులనూ సరిపోల్చడం ఆ చెడును పట్టిచ్చే పాత పద్ధతి. ఖర్చని దాన్ని మానుకోవడం సరికాదు.

ఈ పట్టుదలకు కారణం ఉంది. సునామీ వేగాన్ని నిర్ణయించేది నీటి లోతే. నాలుగు వేల మీటర్ల లోతున అది గంటకు దాదాపు 700 కిలోమీటర్లు, తీరం దగ్గరయ్యేకొద్దీ ఎంతో తక్కువ. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే సునామీ హెచ్చరికలో అల ఎప్పుడు చేరుతుందన్న లెక్కకు ఆధారం ఈ లోతులే. అయితే ప్రపంచ సముద్రగర్భంలో ఇంతవరకు సోనార్‌తో కొలిచింది నాలుగో వంతు పైచిలుకే. తక్కినచోట్ల ఎక్కువ భాగం ఉపగ్రహాలు గుర్తించిన గురుత్వాకర్షణ తేడాలనుంచి ఊహించిన లోతులే. జెబ్కో అనే అంతర్జాతీయ కార్యక్రమం విడుదల చేసే ప్రపంచ లోతుల పటానికి జతగా, ఏ గడిలోది కొలిచిన లోతో, ఏ గడిలోది ఊహించినదో తెలిపే మరో పటం కూడా వస్తుంది. పాఠ్యపుస్తకాల్లో సముద్రాన్ని ముద్రించేవారు దాన్ని కూడా పక్కనే ముద్రించాలి.