దాంతే రొట్టెలో ఉప్పు

తెలుగును ఇటాలియన్‌తో పోలిస్తే మనం పొంగిపోతాం. ఆ ఇటాలియన్ మహాకావ్యాన్ని మాత్రం ఇంగ్లీషులోనే చదువుకుంటాం. ఈ చలికాలం మేము దాంతే ‘డివైన్ కామెడీ’ని రెండు అనువాదాలు పక్కపక్కన పెట్టుకుని చదివాము.

మూలం మూడేసి పాదాలుగా నడుస్తుంది. నడిమి పాదపు అంత్యప్రాసే తరువాతి మూడింటిలో మొదటిదానికీ చివరిదానికీ అందుతుంది. అజంత భాషకు ఈ గొలుసు సులువు, ఇంగ్లీషుకు గండం. 1949లో నరకఖండం వెలువరించిన డొరొతీ సేయర్స్ గొలుసును నిలిపింది. వాక్యం మాత్రం మెలికలు తిరిగింది. 1954లో జాన్ చార్డీ నడిమి ప్రాసను వదులుకున్నాడు. మాట సూటిగా సాగింది. మా ఓటు చార్డీకే.

అయినా ఒకచోట ఇద్దరూ ఒక్కటే అనిపించారు. స్వర్గఖండం పదిహేడవ సర్గలో, పరాయివాళ్ళ రొట్టె రుచీ, పరాయి మెట్లు ఎక్కిదిగే కష్టమూ నీకు తెలిసివస్తాయని దాంతేకు అతని పూర్వీకుడు చెబుతాడు. ఫ్లారెన్సు రొట్టెలో ఉప్పు వెయ్యరు. 1302లో వెలివేయబడిన దాంతే 1321లో రవెన్నాలో కన్నుమూసేదాకా ఊరు చేరలేదు. అయినా ఈ కావ్యాన్ని లాటిన్‌లో కాక తల్లిభాషలోనే రాశాడు.

మనల్ని ఎవరూ వెళ్ళగొట్టలేదు, కోరి వచ్చాము. రేపు మన పద్యాలను మన పిల్లలూ ఇంగ్లీషులోనే చదువుతారేమో. చదవనిద్దాం. ముందు ఒక్కసారైనా మూలాన్ని పైకి చదివి వినిపిద్దాం.