నడినెత్తి సూర్యుడు, చేతిలో కొలబద్ద

హైదరాబాద్‌లో ఏటా మే 9 ప్రాంతంలో, మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు, నిటారుగా నిలిపిన కర్రకు నీడ కనిపించదు. మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలో, 12 గంటల 23 నిమిషాలకు ఇదే జరుగుతుంది. తెలుగు నేల మీద ఈ నీడలేని రోజు ఏప్రిల్ 24 ప్రాంతంలో కుప్పంలో మొదలై, మే మూడో వారానికి ఆదిలాబాద్ చేరుతుంది. కర్కట రేఖకు ఉత్తరాన ఉన్న ఢిల్లీ పిల్లలకు ఈ అదృష్టం ఎన్నటికీ లేదు.

జన విజ్ఞాన వేదిక వంటి సంఘాల కార్యకర్తలు, ఉత్సాహం ఉన్న సైన్స్ మాస్టార్లు పిల్లలను పోగుచేసి చేయించదగ్గ ప్రయోగాల్లో ఇంత చవకైనది మరొకటి లేదు. కానీ ఆ ఒక్క నిమిషానికి సీసా నిలబెట్టి, ఫొటో తీసి, పిల్లలను ఇంటికి పంపేస్తే అది వింత చూపించడమే అవుతుంది. గంట ముందే మొదలుపెట్టాలి.

ముందుగా డాబా మీద చదునైన చోటు చూసి రసమట్టంతో సరిచూడాలి. మీటరు కర్రను నిలిపి, తాపీ మేస్త్రీలు వాడే గుండు వేలాడదీసి, అది నిలువుగా ఉందో లేదో రెండు వైపుల నుంచీ పరీక్షించాలి. ఆపైన పని పిల్లలది. ఐదు నిమిషాలకోసారి నీడ కొస దగ్గర సుద్దముక్కతో చుక్క పెట్టాలి. సూర్యుడి వైపు మాత్రం ఎవరూ చూడకూడదు. చూపంతా నేల మీదే.

మొదటి చుక్కకే తగాదా మొదలవుతుంది. నీడ కొస గీత గీసినట్టు ఉండదు, దాదాపు సెంటీమీటరు మేర మసకగా ఉంటుంది. "ఇక్కడరా", "కాదు, ఇక్కడ" అని ఇద్దరు వాదించుకుంటారు. పెద్దవాళ్ళు నోరు మెదపకుండా ఉండాల్సింది అప్పుడే. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం కాబట్టే అంచు మసకబారుతుందన్న సంగతి ఆ వాదనలోంచే రావాలి. తర్వాత కర్ర కొసన చిన్న రంధ్రం పొడిచిన అట్టముక్క అడ్డంగా అంటిస్తే చాలు, దాని నీడ మధ్యలో గుండ్రటి వెలుగు పడుతుంది. అది సూర్యబింబమే. దాని నడిమధ్యన చుక్క పెట్టవచ్చు.

చుక్కలు రెండేసి సెంటీమీటర్ల ఎడంతో పడమర నుంచి తూర్పుకు సాగుతాయి. గడియారం 12 కొడుతుంది, నీడ ఇంకా ఉంటుంది. ఎందుకు? మన గడియారాలు కాకినాడ దగ్గరగా వెళ్ళే 82.5 డిగ్రీల రేఖాంశానికి కట్టుబడి ఉన్నాయి. హైదరాబాద్ దానికి 4 డిగ్రీలు పడమర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 16 నిమిషాల ఆలస్యం. భూమి వాలు, కక్ష్య ఆకారం వల్ల మేలో అందులో కొన్ని నిమిషాలు తగ్గుతాయి, ఆగస్టులో పెరుగుతాయి.

హైదరాబాద్‌లో నీడ మాయమైన రోజున, ఢిల్లీలో అక్కడి నడిమధ్యాహ్నం వేళ మీటరు కర్ర నీడ దాదాపు 20 సెంటీమీటర్లు ఉంటుంది. అక్కడి బడితో ముందే మాట్లాడుకుంటే ఆ కొలత ఫోనులో వచ్చేస్తుంది. దాన్ని కోణంగా మారిస్తే సుమారు 11.2 డిగ్రీలు. రెండు నగరాల మధ్య ఉత్తర దక్షిణ దూరం దాదాపు 1,245 కిలోమీటర్లు. 11.2 డిగ్రీలకు అంత దూరమైతే 360 డిగ్రీలకు ఎంత? ఐదో తరగతి త్రైరాశికంతో 40,000 కిలోమీటర్ల భూమి చుట్టుకొలత తేలుతుంది. రెండు వేల ఏళ్ళకు పైబడి కిందట ఎరటోస్తనీస్ ఈజిప్టులో అనుసరించిన దారి ఇదే. లెక్క కాస్త అటూఇటూ వచ్చినా దిద్దవద్దు. తేడా ఎక్కడొచ్చిందో వాళ్ళనే వెతకనివ్వాలి.

మేలో బడులకు సెలవులు, ఆగస్టులో మబ్బులు. అయినా దిగులు పడనక్కర్లేదు. మీటరు కర్రకు ముందురోజూ మర్నాడూ కూడా నీడ అర సెంటీమీటరుకు మించదు కాబట్టి మూడు రోజులూ కర్రను కదపకుండా ఉంచితే ఏదో ఒక రోజు ఎండ దొరకవచ్చు. మే నుంచి ఆగస్టు దాకా, ఎండ కాసిన రోజుల్లో, ఆ రెండు తేదీల మధ్య నగరంలో మధ్యాహ్నపు నీడ ఉత్తరానికి కాక దక్షిణానికి పడుతుంది. అది పెద్దల్లోనూ చాలామంది గమనించని విషయం, వారానికొక చుక్కతో పిల్లలే పట్టుకోగలరు.