చోటు చూపడం కాదు, మిగల్చడం

పార్కింగ్ కష్టాలకు యాప్ చేద్దామనుకునే వాళ్లకు మొదట తట్టే ఆలోచన, ఎక్కడ ఖాళీ ఉందో ఫోన్‌లో చూపిద్దామని. డిజైన్ దారి తప్పేది అక్కడేనని నా అభిప్రాయం. సాయంత్రం హైదరాబాద్ కోఠిలో రోడ్డు పక్కన ఒక కారు కదిలిందంటే, ఇండికేటర్ వేసుకుని కాచుకున్న మరో బండి వెంటనే ఆ సందులో దూరుతుంది. ఆ ఖాళీని మ్యాప్‌లో చూసి పది మంది అటు మళ్లితే, తొమ్మిది మందికి ఇంకో చుట్టు తప్పదు. లేని చోటును ఏ యాప్ చూపలేదు. ప్రతి వీధిలో ఎప్పుడూ ఒకటి రెండు చోట్లు మిగిలేలా చూడటమే సాఫ్ట్‌వేర్ అసలు పని కావాలి.

అమెరికాలోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ డొనాల్డ్ షూప్ ఏళ్ల తరబడి వాదించింది ఇదే. శాన్‌ఫ్రాన్సిస్కో 2011లో ఎస్‌ఎఫ్‌పార్క్ పేరుతో దాన్ని ఆచరణలో పెట్టింది. వీధి ఎంత నిండిందో సెన్సర్లు చెప్పేవి. 80 శాతం దాటితే గంట రేటు 25 సెంట్లు పెంచారు, 60 శాతానికి తగ్గితే దించారు. ఒకే మీటరు దగ్గర మధ్యాహ్నం 12 దాకా ఒక రేటు, 3 దాకా ఇంకోటి, ఆపైన మరోటి. ఖాళీలు చూపే యాప్ కూడా ఉండేది, కానీ ఖాళీలు పుట్టించింది మాత్రం రేటే.

ఇలాగైతే డబ్బున్నవాళ్లకే చోటు దక్కుతుందంటారు. సందేహం సబబే. అయితే అక్కడ చాలా వీధుల్లో రేట్లు తగ్గాయి, ప్రయోగం ముగిసేనాటికి మీటర్ల సగటు రేటు మొదటికన్నా దిగింది. కాస్త దూరం నడిచేవాళ్లకు చవగ్గా చోటు దొరికింది. పైగా ఉచిత పార్కింగ్ భారం కారే లేనివాళ్ల మీదా పడుతోంది. ఫుట్‌పాత్ పోయి రోడ్డెక్కి నడిచేది వాళ్లే. గీతలే లేని మన వీధుల్లో సెన్సర్లు ఎక్కడ పెడతారన్నది రెండో అభ్యంతరం. శాన్‌ఫ్రాన్సిస్కో కూడా 2013 చివర్లో సెన్సర్లు ఆపేసి, మీటరు చెల్లింపుల నుంచే రద్దీని అంచనా వేసుకుంది. మనకూ పార్కింగ్ రసీదులు రాసే మనిషి ఉన్నాడు. బండి వచ్చిన వేళ, వెళ్లిన వేళ అతని ఫోన్‌లో నమోదైతే లెక్క మొదలవుతుంది. బైకులకు, ఆటోలకు, సరుకు బండ్లకు, తోపుడు బండ్లకు ఎంతెంత చోటో మాత్రం ముందే తేల్చాలి. టెండరు పిలిచే కార్పొరేషన్ యాప్ డౌన్‌లోడ్లను చూసి మురిసిపోకూడదు. ఏ వీధి ఏ వేళకు ఎంత నిండింది, రేటు ఎందుకు మారింది అన్న లెక్కను నెలనెలా జనం ముందు పెట్టాలని షరతు రాయాలి. ఆ షరతు లేని యాప్‌కు ప్రజల సొమ్ము ఖర్చు పెట్టడం దండగ.