ప్రత్యేక వివాహ చట్టమున 'వ్యక్తి' శబ్దము

1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమున 4వ విభాగము, ఏ ఇద్దరు వ్యక్తుల నడుమనైనను వివాహము జరుగవచ్చునని ఆరంభమగుచున్నది. అందు లైంగిక ప్రవృత్తి ప్రసక్తియే లేదు. కాని వయోనియమమును చెప్పుచోట పురుషునకు 21, స్త్రీకి 18 సంవత్సరములని యున్నది. విశాలమైన 'వ్యక్తి' శబ్దము ఇచట సంకోచించినది. స్వలింగ దంపతులకును వర్తించునట్లు ఈ పదములకు అర్థము చెప్పుటకు సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న సమ్మతింపక, ఆ పనిని శాసనకర్తలకు విడిచినది.

చట్టము ఎవరి ప్రవృత్తిని అడుగలేదు గదా, వివక్ష యెక్కడిదని కొందరి వాదము. మనసొగ్గని వ్యక్తిని పెండ్లాడు స్వేచ్ఛను సమత్వమని మేము అంగీకరింపజాలము.

ఇక జనగణన. 2011లో 'ఇతరులు' అను సంకేతము క్రింద 4,87,803 మందిని చూపిరి. ఇది లింగమునకు సంబంధించిన లెక్క, ప్రవృత్తిని తెలుపదు. కలసి కాపురముండు ఇద్దరు స్త్రీలకు గాని, ఇద్దరు పురుషులకు గాని ఆ పట్టికలలో జంటగా చోటు లేదు. చట్టము కాదన్న బంధము లెక్కలో కనబడదు. లెక్కకు రానివారి నష్టమెంతయో చట్టకర్తకు తెలియదు.

అయినను గణకుడు ఇంటిల్లిపాది యెదుట ప్రవృత్తిని ప్రశ్నించుట క్షేమము కాదు. కావున ముందు దిద్దవలసినది చట్టమందలి పదమే యని మా అభిప్రాయము. అది దిద్దినచో వివాహస్థితి గడియే ఆ దంపతులను లెక్కించును. ప్రవృత్తి నడుగ నక్కరలేదు.